ఉప్పుగాలి మీద వేసిన నింద

మెర్విన్ పాస్కో విసిరే చలోక్తులు ఆలస్యంగా పేలడం మొదలై చాలాకాలమైంది.

అంతకుముందు ఆ మనిషి మాటకు ఆలస్యమన్నది తెలియదు. దక్షిణ ఆస్ట్రేలియా తీరాన ఉన్న వాలరూ ఊరి ఫుట్‌బాల్ మైదానంలో శీతకాలమంతా శనివారాలు మైకు పట్టుకుని ఆటను కళ్లకు కట్టినవాడు అతడే. బంతి గోలుకంబాల మధ్యకు చేరకముందే మెర్విన్ వ్యాఖ్య చేరిపోయేదని ఊరు చెప్పుకునేది. గొంతులో లేచిన గడ్డ క్యాన్సరని తేలి, స్వరపేటికను తీసివేయక తప్పదని అడిలైడ్ వైద్యులు నిర్ణయించినప్పుడు, ఆస్పత్రిలోని ఒక పరిశోధక బృందం అతనిచేత వారాల తరబడి వాక్యాలు చదివించి ఆ గొంతును ఒక ప్రోగ్రాములో దాచిపెట్టింది. శస్త్రచికిత్స తరువాత మెర్విన్ తన ల్యాప్‌టాప్‌లో టైపు చేస్తే, ఆ ల్యాప్‌టాప్ మెర్విన్ గొంతుతోనే పలికేది. జలుబు చేసినవాడు మాట్లాడినట్టు కొంచెం ముక్కుతో వచ్చేది గానీ, గొంతు మాత్రం నిస్సందేహంగా అతనిదే. మొదటిసారి విన్నప్పుడు అతని భార్య బెవర్లీ చేతిలోని గిన్నె దించి పెరట్లోకి వెళ్లిపోయి, చాలాసేపటికి గానీ లోపలికి రాలేదు.

చిక్కల్లా ఒక్కటే. ప్రోగ్రాము బరువైనది, ల్యాప్‌టాప్ పాతది. టైపు చేసిన వాక్యం గొంతుగా మారేలోపు తెరమీద ఒక చిన్న చక్రం తిరుగుతూ కూర్చునేది. కొత్త యంత్రం కొందామంటే ఆ ప్రోగ్రాము కొత్తవాటి మీద నడవదు. దానిని తయారుచేసిన బృందం ఎప్పుడో చెదిరిపోయింది.

ఆ ఆలస్యం ఇంట్లో పెద్ద ఇబ్బంది కాదు. బెవర్లీ కాచుకునేది. సముద్రంలోకి కట్టిన జెట్టీ మీద అతడు పీతలు పడుతుంటే చుట్టూ చేరే పిల్లలూ కాచుకునేవారు. షెడ్డులో మాత్రం ఎవరూ కాచుకోరు. ఉద్యోగాలు విరమించిన మగవాళ్లంతా రంపాలతో, చిత్రికలతో పొద్దుపుచ్చడానికి ఊరివాళ్లు పాత రైలుగోదాములో నడుపుతున్న షెడ్డు అది. గురువారం పదింటికి యంత్రాలన్నీ ఆపి టీకి కూర్చుంటారు. ఆ బల్ల దగ్గర మనిషికి ఉండవలసిన అర్హత ఒక్కటే: తన మీద పడిన మాటను ఎదుటివాడు బిస్కట్టు నమిలేలోపు తిప్పికొట్టగలగాలి.

ఒక గురువారం స్టాన్ ఆంగోవ్ కొత్త కట్టుడుపళ్లతో వచ్చాడు. ధాన్యపు గిడ్డంగిలో జీవితమంతా బస్తాలు మోసిన భారీ మనిషి, నోరు అంతకంటే భారీ.

"ఏరా మెర్వ్, ఎలా ఉన్నాయిరా నా పళ్లు? సినిమా హీరోలా లేనూ?" అని పళ్లికిలించాడు.

మెర్విన్ ముఖం వెలిగింది. వేళ్లు చకచకా నడిచాయి. చక్రం తిరగసాగింది. ఈలోగా ఎవరో అంతకుముందురోజు సమాధి చేసివచ్చిన నోర్మా హిక్స్ ప్రస్తావన తెచ్చారు. ఎంత మంచి మనిషో, చర్చిలో పువ్వులన్నీ ఆమే సర్దేదని ఒకరన్నారు. పెట్టెలో కూడా నవ్వుతున్నట్టే ఉందని మరొకరన్నారు. బల్ల చుట్టూ టోపీలు దిగాయి. సరిగ్గా అప్పుడు ల్యాప్‌టాప్ గొంతు విప్పింది.

"బ్రహ్మాండంగా ఉన్నాయి. పళ్లు పోయిన గుర్రం సంగతే పాపం."

అందరూ నవ్వారు, కాని ఆ నవ్వు మెర్విన్ మాటకు కాదు, దాని అకాలప్రవేశానికి. మెర్విన్ చెవులు కందగడ్డలయ్యాయి. ల్యాప్‌టాప్ మూతను మెల్లగా సగం దించి, చేతులు ఒడిలో పెట్టుకున్నాడు.

బల్ల చివరన కూర్చున్న ట్రెవర్ నాంకివెల్ ఆ సగం దించిన మూతను చూశాడు. బార్లీ గిడ్డంగి కార్యాలయంలో లెక్కలు చూసి రిటైరైన మనిషి. ఒంటరివాడు, పుస్తకాల పురుగు, కాలర్ బొత్తాం ఎండాకాలంలో కూడా విప్పడు. ఆ కార్యాలయానికి మొదటి కంప్యూటర్లను తన చేతులతో విడిభాగాలు కూర్చి నిలబెట్టిన ఘనత అతనిది. ఊళ్లో కంప్యూటరు మొరాయిస్తే అతనికే కబురు. మెర్విన్ ల్యాప్‌టాప్‌కు అదివరకే మెమరీ పెంచాడు, పాత డిస్కు తీసి వేగవంతమైనది బిగించాడు. రెండుసార్లూ చక్రం తిరగడం కొంత తగ్గింది. ఇక మిగిలింది ప్రాసెసర్. ఆ నమూనా ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్‌ను బోర్డుకు అతికించెయ్యలేదనీ, ఊడదీసి దానికంటే రెట్టింపు శక్తిగలదాన్ని పెట్టవచ్చుననీ అతడు చదివి తెలుసుకున్నాడు.

అతడీ సంగతి చెప్పినప్పుడు బెవర్లీ సందేహించింది.

"కడీనాలో రిపేరు షాపుంది కదా ట్రెవర్, వాళ్లకిస్తే ఏం? నీకెందుకు శ్రమ?"

"దీనికి షాపు దేనికి బెవ్? వాళ్లు వారం రోజులు అరలో పడేస్తారు. నేనైతే గురువారం టీ చల్లారేలోపు ఇచ్చేస్తా. ఇలాంటివి ఎన్ని మార్చానో లెక్కలేదు."

మార్చినమాట నిజమే. అయితే అవన్నీ బల్లమీది పెద్ద కంప్యూటర్లు. వాటిలో ప్రాసెసర్ పక్కన ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని పైకి లేపితే పట్టు వదులుతుంది. ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చడం ట్రెవర్‌కు అదే తొలిసారి. ఆ సంగతి అతడు బెవర్లీకి చెప్పలేదు. చెప్పవలసినంత భేదం ఉంటుందని తోచనూ లేదు.

ఆ గురువారం మెర్విన్ ల్యాప్‌టాప్‌ను స్వయంగా మోసుకువచ్చి బల్లమీద పెట్టాడు. ఆర్పేముందు ఒక్క వాక్యం టైపు చేశాడు. చక్రం తిరిగి తిరిగి ఆగింది.

"జాగ్రత్తరా ట్రెవ్. అందులో ఉన్నది నేను."

అందరూ నవ్వారు. మెర్విన్ భుజాలు కదిలాయి. ఆపరేషను తరువాత అతని నవ్వు భుజాలలోనే కనిపించేది. ట్రెవర్ కూడా నవ్వి, అడుగుమూత స్క్రూలు విప్పసాగాడు. టీకప్పులు పట్టుకుని అందరూ చుట్టూ నిలబడ్డారు. ఫ్యాను తీశాడు. వేడిని లాగే రాగిగొట్టం తీశాడు. ఎండి బిరుసెక్కిన పాత పేస్టును స్పిరిట్ దూదితో తుడిచాడు. అడుగున ప్రాసెసర్ అద్దంలా మెరుస్తూ బయటపడింది. అంతవరకు అతని చేతులు ఎంత నేర్పుగా కదిలాయంటే, స్టాన్ సైతం నోరు మూసుకుని చూశాడు.

అప్పుడు ట్రెవర్ మీట కోసం వెతికాడు. మీట లేదు.

ప్రాసెసర్ అంచున ఒక చిన్న స్క్రూ ఉంది. దాని పక్కన ఆవగింజంత బొమ్మ ఏదో చెక్కి ఉంది. భూతద్దం పెట్టి చూస్తే అది తెరిచిన తాళం బొమ్మ అని తెలిసేది. భూతద్దం కారులో ఉంది. ఆ స్క్రూ కింది సాకెట్టును బోర్డుకు బిగించేది కాబోలునని అతడు అనుకున్నాడు. పూర్తిగా అనుకోనూ లేదు. ఒక అనుమానం మనసులో తలెత్తింది. ఒక్క నిమిషం ఆగండి, చూసి వస్తానని అనవలసిన మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏంట్రా ట్రెవ్, దారి తప్పావా?" అన్నాడు స్టాన్. "టీ చల్లారిపోతోంది. పోనీ సుత్తి తెమ్మంటావా?"

"నీ బుర్ర పగలగొట్టడానికైతే తే," అన్నాడు ట్రెవర్.

నవ్వులు రేగాయి. ఆ నవ్వుల మధ్య అతడు పలుచని బ్లేడును ప్రాసెసర్ మూలకింద దూర్చి పైకి నొక్కాడు. రాలేదు. మరికాస్త నొక్కాడు. వచ్చింది. వచ్చేటప్పుడు పలుచటి గాజుపలక నెరిసినట్టు ఒక చిన్న శబ్దం చేసింది. టీ చప్పరింపుల మధ్య ఆ శబ్దం మరెవరికీ వినబడలేదు. ట్రెవర్ వేళ్లకు వినబడింది.

ప్రాసెసర్ కిందివైపు వందలాది సూదులు బారులు తీరి ఉంటాయి. ఒక మూలన అవి గాలివానకు పడిన పైరులా ఒరిగిపోయి ఉన్నాయి. కొన్ని విరిగి సాకెట్టు రంధ్రాలలోనే ఉండిపోయాయి. సాకెట్టు మూల కూడా చీలింది. అయినా ట్రెవర్ చేతులు ఆగలేదు. కొత్త ప్రాసెసర్‌ను చీలిన సాకెట్టులోనే కూర్చోబెట్టి, పేస్టు రాసి, రాగిగొట్టం బిగించి, మూత వేసి, పవర్ బటన్ నొక్కాడు. తెర నల్లగా ఉండిపోయింది. మళ్లీ నొక్కాడు. ఫ్యాను ఒక్కసారి మూలిగి ఆగింది.

అందరి కళ్లూ అతని మీద ఉన్నాయి. మెర్విన్ కళ్లు మాత్రం తెరమీద ఉన్నాయి.

"ఉప్పు," అన్నాడు ట్రెవర్.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియలేదు. వచ్చిన తరువాత దానికి కాళ్లూ చేతులూ అవే మొలిచాయి. "బోర్డు లోపలంతా ఉప్పు పట్టేసింది. నేను ముట్టుకునేసరికే కొనఊపిరితో ఉంది. ఇదిగో, చూడండి," అంటూ యంత్రాన్ని తిప్పి, పక్కనున్న రంధ్రాల అంచున పట్టిన పచ్చటి చిలుము చూపించాడు. సముద్రాన్ని ఆనుకున్న ఆ ఊళ్లో ఏ ఇంటి కంప్యూటరు చూసినా ఆ చిలుము ఉంటుంది. తలుపుబందుల మీద ఉంటుంది, కార్ల అడుగున ఉంటుంది. ఎవరికీ సందేహం కలగలేదు.

"ఈ గాలి దేన్ని బతకనిచ్చింది గనక," అన్నాడు స్టాన్. ఎగతాళి మానేసి మెర్విన్ భుజం మీద చెయ్యి వేశాడు. "నా కారు అడుగంతా ఇలాగే తినేసిందిరా."

మెర్విన్ పక్కనున్న చెక్కముక్క తీసుకుని, చెవిమీది పెన్సిలుతో దానిమీద రాసి ట్రెవర్ ముందుకు జరిపాడు. 'నా తప్పే. రోజూ జెట్టీ మీదకి పట్టుకెళ్లాను. నువ్వు చెయ్యగలిగింది చేశావు.'

ట్రెవర్ ఆ చెక్కముక్కను చదివి తల ఊపాడు. ఆ తలూపు అతనికి తరువాత చాలాకాలం గుర్తుండిపోయింది. అబద్ధమాడినప్పుడు భయం మాట్లాడిందని సరిపెట్టుకోవచ్చు. తల ఊపినప్పుడు భయం కూడా లేదు. ఎదుటివాడు తనంతట తాను నెత్తికెత్తుకున్న నేరాన్ని, బస్సులో పక్కవాడు జరిగి ఇచ్చిన చోటులా, అతడు స్వీకరించాడు.

వారం తిరక్కుండానే బెవర్లీ అతని ఇంటికి వచ్చింది. చేతిలో బట్ట కప్పిన పళ్లెం.

"పాస్టీలు చేశాను, వేడిగా ఉండగానే తినెయ్. మెర్వ్ కోసం నువ్వంత కష్టపడ్డావు, ఉత్తచేతుల్తో ఎలా రాను?"

ట్రెవర్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ఇవన్నీ ఎందుకు బెవ్..."

"నీకు కాకపోతే ఎవరికి? ఆ మనిషికి మాత్రం నేను పెట్టేది తిట్లే. ఎన్నిసార్లు చెప్పానో తెలుసా? ఇంట్లో పెట్టి వెళ్లవయ్యా బాబూ, పీతలు పట్టడానికి మాటలెందుకయ్యా అని. వింటేగా! జెట్టీ మీద పిల్లలకు ఫుట్‌బాల్ కథలు చెప్పాలట. అదేమన్నా చేపలసంచా, ఉప్పునీళ్ల పక్కన పెట్టుకోడానికి? నీ గొంతుని నువ్వే ఉప్పులో ఊరబెట్టుకున్నావు పో అన్నాను." ఆమె పళ్లెం అతని చేతిలో పెట్టింది. "అనకూడదు. కానీ అన్నాను. ఆ గొంతు ఆయనొక్కడిదే కాదు కదా ట్రెవర్. నలభై ఏళ్లు విన్నదాన్ని నేను."

అతడు నోరు తెరిచాడు. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

మాంసమూ బంగాళాదుంపలూ కూరి కాల్చిన కజ్జికాయల్లాంటి ఆ పాస్టీల మూలల్లో, ఎవరిది ఎవరికో పొరబడకుండా పిండితో చిన్న అక్షరాలు అద్దడం ఆమె అలవాటు. రెండింటి మీదా ట్రెవర్ పేరులోని మొదటి అక్షరం ఉంది. అతడు పళ్లేన్ని బల్లమీద పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. ఇవి తినే అర్హత తనకు లేదనుకున్నాడు. మధ్యాహ్నానికి ఆకలేసింది. రెండూ తిన్నాడు. చాలా బాగున్నాయి. ఆ బాగుండటమే అతన్ని ఎక్కువ చిన్నబుచ్చింది.

మెర్విన్‌కు అతని కూతురు ఒక టాబ్లెట్ పంపింది. దానిలో టైపు చేస్తే తక్షణం పలికేది; చక్రం తిరగడం అన్నమాటే లేదు. అయితే ఆ గొంతు లండను దొరవారి గొంతు. మెర్విన్ దానిని షెడ్డుకు తెచ్చిన రోజున, "పాలు అందుకోరా స్టాన్" అన్న వాక్యం రాజప్రాసాదంలో ప్రకటనలా వెలువడింది.

స్టాన్ లేచి వంగి దండం పెట్టాడు. "చిత్తం ప్రభూ! చక్కెర కూడా సమర్పించుకోమంటారా?"

బల్లంతా విరగబడి నవ్వింది. మెర్విన్ కూడా భుజాలు కదిలించాడు. ఆ తరువాత టాబ్లెట్‌ను సంచిలో పెట్టేశాడు, టీ పూర్తయ్యేవరకు తీయలేదు. మరుసటి గురువారం రాలేదు. ఆపై గురువారమూ రాలేదు. అతని కుర్చీలో ఎవరో రంపపు పెట్టె పెట్టారు.

"పలకరిద్దామని వెళ్లాను," అన్నాడు స్టాన్. ఈసారి హాస్యం లేదు. "వాకిట్లో కూర్చున్నాడు. జెట్టీకి పోదాం రారా అన్నాను. తలడ్డంగా ఊపాడు. అక్కడికి పోనని వాళ్లావిడకి మాటిచ్చాడట. ఏం పాడు ఉప్పో ఏమో గానీ, మనిషిని కూడా తినేస్తోంది ట్రెవ్."

ట్రెవర్ ఆ మధ్యాహ్నమే వెతకడం మొదలుపెట్టాడు. డిస్కు క్షేమంగా ఉందనీ, మెర్విన్ గొంతు దానిలోనే ఉందనీ, సరిగ్గా అదే నమూనా ల్యాప్‌టాప్ మరొకటి దొరికితే డిస్కును దానిలోకి మార్చి మళ్లీ పలికించవచ్చుననీ అతనికి మొదటినుంచీ తెలుసు. ఆ ముక్క మొదటిరోజే చెప్పి ఉండవలసింది. చెబితే, బోర్డును ఎవరైనా విప్పి చూస్తారు. చూస్తే, విరిగినదానికీ చిలుముపట్టినదానికీ భేదం చంటిపిల్లవాడికైనా తెలుస్తుంది. అందుకని చెప్పలేదు.

పోర్ట్ పిరీలో ఒక పాఠశాల పారవేయబోతున్న పాత సామానులో ఆ నమూనా దొరికింది. తెచ్చి తన వంటింటి బల్లమీద విప్పాడు. ఈసారి భూతద్దం దగ్గర పెట్టుకున్నాడు. స్క్రూ పక్కనున్న తాళం బొమ్మ స్పష్టంగా కనిపించింది. స్క్రూడ్రైవర్ మొన ఆనించి అరచుట్టు తిప్పాడు. ప్రాసెసర్ తనంతట తాను వదులై, వేళ్లతో పట్టుకుని ఎత్తితే ఊగుతున్న పాలపన్నులా వచ్చేసింది. కొత్తది పెట్టి, అరచుట్టు వెనక్కి తిప్పాడు. అంతే పని. ట్రెవర్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, చాలాసేపు ఆ స్క్రూ వంక చూస్తూ ఉండిపోయాడు.

మెర్విన్ పాత ల్యాప్‌టాప్‌ను అతడు ఆరోజున బాగుచేసి చూస్తానన్న నెపంతో తనవద్దే ఉంచుకున్నాడు. దాని డిస్కు తీసి దీనిలో పెట్టాడు. పవర్ బటన్ నొక్కగానే తెర వెలిగింది. ప్రోగ్రాము తెరుచుకుంది. ఖాళీ గడి, దానిలో మినుకుమంటున్న గీత. పనిచేస్తోందో లేదో చూడాలి గనుక ఏదో ఒకటి టైపు చేయాలి. నమస్కారమని టైపు చేయవచ్చు. ఒకటి రెండు మూడని టైపు చేయవచ్చు.

'ఫర్వాలేదులేరా ట్రెవ్. ఎవరికైనా జరిగేదే.'

టైపు చేసిన తరువాత గానీ తానేమి టైపు చేశాడో అతడు చదువుకోలేదు. చెరిపేయడానికి వేలు కదిలించి, చెరపలేదు. పలికించే మీట నొక్కాడు. చక్రం తిరగలేదు. మెర్విన్ గొంతు ఆ ఒంటరి వంటింట్లో, పొయ్యి మీది కెటిల్ పక్కనుంచి, తడుముకోకుండా పలికింది. ఆ వెనకటి మైకులో వినిపించిన చనువుతో, ఆ ముక్కుస్వరంతో, అచ్చం మెర్విన్ క్షమించినట్టే క్షమించింది.

ట్రెవర్ మూత దించేశాడు. ఇంట్లో ఎవరూ లేకపోయినా కిటికీ వైపు చూశాడు. ఆ మనిషి మాటను ముందు పోగొట్టాడు. ఇప్పుడు ఆ మనిషి నోట్లో తన మాట పెట్టాడు. మొదటిది తెలియకచేసిన తప్పు. ఇదేమిటో పేరు పెట్టడానికి అతనికి ధైర్యం చాలలేదు.

మర్నాడు పొద్దున్నే పాస్కోల ఇంటికి వెళ్లాడు.

వంటింటి బల్లమీద ల్యాప్‌టాప్ తెరిచి పెట్టినప్పుడు బెవర్లీ చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మెర్విన్ నమ్మలేనట్టు కీలమీద వేళ్లుంచాడు. కొద్దిగా టైపు చేశాడు. చివరి అక్షరం మీదనుంచి వేలు లేచీ లేవకముందే గొంతు పలికింది.

"బెవ్, ఆ పచ్చ చొక్కా నీకేం బాగాలేదు."

"ఓరి దేవుడా!" అని ఆమె రెండుచేతులతో నోరు మూసుకుంది. నవ్విందో ఏడ్చిందో చెప్పడం కష్టం. "ఇన్నాళ్లూ ఇది చెప్పాలనే కాచుక్కూర్చున్నావా మహానుభావా! ఆగు, ఆగు, మా చెల్లెలికి ఫోన్ చెయ్యాలి, దానికి చెప్పాలి." ఫోను తీసుకుని పెరట్లోకి పరుగెత్తింది; ఆ ఇంట్లో సిగ్నలు అందేది బట్టల తీగ దగ్గరే.

మెర్విన్ వేళ్లు ఆగలేదు. మైదానం మీది వేగం తిరిగి వచ్చింది.

"ఎక్కడ పట్టావురా దీన్ని? చక్రమే లేదు! స్టాన్ పళ్ల సంగతి ఇప్పుడు చూస్తా. ఒరే ట్రెవ్, ఉప్పులో ముంచింది నేను, బయటికి లాగింది నువ్వు. ఈ జన్మలో దీన్ని జెట్టీ మీదకి తీసుకెళ్లను. ఒట్టు."

అది సరిగ్గా మెర్విన్ గొంతే. తన అబద్ధం ఆ గొంతులో అంత నిజంగా ధ్వనిస్తుందని ట్రెవర్ ఊహించలేదు. ఊరకుండటానికి అంతకంటే మంచి అవకాశం రాదు. బెవర్లీ సంతోషంగా ఉంది. మెర్విన్ సంతోషంగా ఉన్నాడు. జెట్టీ ఒక్కటే పోతుంది.

"ఉప్పు కాదు మెర్వ్," అన్నాడు.

మెర్విన్ తలెత్తాడు.

"ఉప్పు కాదు. నేనే విరగ్గొట్టాను. ఒక స్క్రూ తిప్పాలి, అరచుట్టు. నాకు తెలీలేదు. తెలీదని స్టాన్ ముందు ఒప్పుకోడానికి నామోషీ వేసింది. బ్లేడు పెట్టి పెకలించాను. లోపలంతా విరిగింది. నాకప్పుడే తెలుసు. ఉప్పని చెప్పింది అందుకే." అతడు బల్లమీది ల్యాప్‌టాప్ వంక చూశాడు. "నువ్వు చెక్కముక్క మీద నీ తప్పేనని రాశావు. నేను తలూపాను."

నిన్న తన వంటింట్లో ఆ గొంతుతో పలికించిన వాక్యం సంగతి కూడా చెప్పాలనుకున్నాడు. దానికి నోరు రాలేదు.

మెర్విన్ కీలమీద చేతులుంచాడు, కాని టైపు చేయలేదు. మెడలోని రంధ్రం గుండా అతని ఊపిరి వినిపిస్తోంది. యంత్రం సిద్ధంగా ఉంది. జాప్యమిప్పుడు దానిది కాదు. ట్రెవర్ కూర్చోమన్నవారు లేక నిలబడే ఉన్నాడు. బయట బెవర్లీ మాటలు ముక్కలుగా వినవస్తున్నాయి. చివరకు వేళ్లు కదిలాయి.

"అంటే జెట్టీ వల్ల కాదన్నమాట."

"కాదు."

"బెవ్‌కి చెప్పు."

"నువ్వు చెబితే..."

"నేను చెబితే నీ మీదకి తోసేస్తున్నానంటుంది. నువ్వే చెప్పు. ఇప్పుడే." మెర్విన్ అతని ముఖం వైపు చూడలేదు. "వెళ్లు."

ట్రెవర్ దోమతెర తలుపు తోసుకుని పెరట్లోకి నడిచాడు. బెవర్లీ ఆరేసిన దుప్పట్ల మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఫోనులో మాట్లాడుతోంది. "ఆయన గొంతేనే! ముక్కుతో సహా! ఇంకెవరు, ట్రెవరే. ఎక్కడెక్కడ తిరిగి తెచ్చాడో. ఇలాంటి మనిషి... ఇదిగో, ఆయనే వచ్చాడు, ఉండు." ఆమె నవ్వుతూ ఫోను అతని చేతికి చాపింది. "మా చెల్లెలు. నీకు థాంక్స్ చెప్పాలట."

"పెట్టెయ్ బెవ్."

"ఒక్క ముక్క మాట్లాడు, అది మురిసిపోతుంది."

"పెట్టెయ్. నీతో మాట్లాడాలి."

ఆమె అతని ముఖం చూసి, చెల్లెలికి మళ్లీ చేస్తానని చెప్పి ఫోను ఆపింది. అతడు చెప్పాడు. వంటింట్లో చెప్పినంత నున్నగా రాలేదు. స్క్రూ ముందు చెప్పి, బ్లేడు తరువాత చెప్పి, మధ్యలో స్టాన్ పేరు అనవసరంగా తెచ్చి, తెచ్చినందుకు తానే సిగ్గుపడి, మళ్లీ మొదటికి వెళ్లాడు. ఆమె అడ్డురాలేదు. చేతిలోని బట్టల క్లిప్పును తెరుస్తూ, మూస్తూ విన్నది.

"నీకోసం పాస్టీలు తెచ్చాను ఆరోజు," అంది చివరకు.

"అవును."

"తిన్నావా?"

"తిన్నాను."

ఆమె క్లిప్పును బుట్టలో పడేసింది. "ఆయన్ని నేను ఏమేమన్నానో నీకు తెలుసా?"

"నువ్వు చెప్పింది కొంత..."

"తెలీదు. నీకు చెప్పింది పైపైనే." ఆమె గొంతు పెరగలేదు, పెరిగితే బాగుండునని అతడు కోరుకున్నాడు. "తిరిగి ఒక్క మాట అనలేని మనిషిని పట్టుకుని అన్నాను ట్రెవర్. పలక తెచ్చుకుని రాసేలోపు ఇంకో పది మాటలు అన్నాను. అన్నీ విన్నాడు. జెట్టీకి పోనని ఒట్టేయించుకున్నాను. వేశాడు."

"క్షమించమని అడగడానికి కూడా నాకు..."

"అడక్కు," అంది. "ఇప్పుడడక్కు."

అతన్ని దాటుకుని ఇంట్లోకి వెళ్లింది. దోమతెర తలుపు దానంతట అదే మూసుకుంది. ట్రెవర్ దుప్పట్ల మధ్య నిలబడిపోయాడు. వెళ్లమని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. బెవర్లీ ఏదో అంది, చాలా మెల్లగా, ఆగి ఆగి. తరువాత మెర్విన్ గొంతు మొదలైంది.

గాలి అటునుంచే వీస్తోంది. రెండడుగులు ముందుకు వేస్తే ఆ మాటలేమిటో తెలుస్తాయి. తనను గురించి ఏమంటున్నాడో, అసలు తన ప్రస్తావన ఉందో లేదో తెలుస్తుంది. గురువారం షెడ్డుకు పోయి, స్టాన్ ముందూ మిగిలినవాళ్ల ముందూ ఇదంతా మళ్లీ చెప్పవలసిన మనిషికి ఆ కాస్త తెలిస్తే ఎంతో ఊరట. అడుగు వేయబోయి, నిన్న తన వంటింట్లో ఆ గొంతుచేత తాను పలికించుకున్న మాట గుర్తుకు వచ్చి ఆగాడు. తడి దుప్పటి అంచు భుజానికి తగులుతుండగా వెనుదిరిగి, మాటలు విడివిడిగా వినబడేలోపే పక్కగేటు దాటి వీధిలోకి వెళ్లిపోయాడు.